చిట్టా చదివిన కన్ను

దువ్వాడ రైలుస్టేషనులో ఉదయము ఏడుగంటలవేళ కొంతసేపు నిలుచుండి చూచినవారికి మా ప్రాంతపు బ్రతుకుతెరువుల చరిత్రమంతయు కన్నులయెదుట నడచిపోవును. టిఫిను డబ్బాల సంచులు భుజమున తగిలించుకొని విశాఖ ఉక్కు కర్మాగారమువైపు సాగు కాంట్రాక్టు కార్మికులును, మెడలో గుర్తింపుకార్డులు వ్రేలాడ ప్రత్యేక ఆర్థిక మండలమునకు పోవు యువతీయువకులును, పుస్తకముల బరువుతో వంగి నడచు ఇంజనీరింగు కళాశాలల పిల్లలును ఒకే రైలు దిగి మూడు దారుల చీలిపోవుదురు. 1966లో 32 మంది ప్రాణములర్పించిన ఉద్యమము సాధించిపెట్టిన కర్మాగారము ఒకవైపు, 1989లో ఎగుమతి ఉత్పత్తుల మండలముగా ఏర్పడి 2003లో ప్రత్యేక ఆర్థిక మండలముగా మారిన ఆవరణము మరియొకవైపు ఉండగా, ఆ రెండింటి నడుమ కూర్మన్నపాలెము దారిలో నట్లు, బోల్టులు, వెల్డింగు రాడ్లు, గ్యాస్‌కెట్లు అమ్ముకొనుచు 1998 మొదలు 2020 వరకు 22 సంవత్సరములు దుకాణము నడిపినవాడను నేను. ఇప్పుడు నేను చేయు పని వేరు. పగటివేళ కొన్ని వారములు, రాత్రివేళ కొన్ని వారములు, పలు సంస్థల కంప్యూటర్లలోనికి పరులెవరును చొరబడకుండ తెరముందు కూర్చుండి కావలి కాయుచున్నాను. దీనిని సైబర్ భద్రత అందురు.

నలుబదియారవ యేట ఇనుపసామాను వదలి ఈ పనికి ఎట్లు వచ్చితివని నన్నడుగువారు పలువురు. వారిలో నావంటి చిన్న వర్తకులే ఎక్కువ. ఆ ప్రశ్న వెనుక వారి మనస్సులోనున్న దిగులు నాకు తెలియును గనుక, జరిగినది జరిగినట్లు చెప్పెదను.

2018వ సంవత్సరము దీపావళి ముందు ఒక సాయంకాలము నాకొక మెయిలు వచ్చినది. చెన్నపట్టణమునుండి నాకు సరకు పంపు తెలుగు వర్తకునకు నేను 3,86,000 రూపాయలు చెల్లించవలసియున్న సమయమది. మా బ్యాంకు ఖాతా ఆడిటులో ఉన్నందున ఈ పర్యాయమునకు దిగువ వ్రాసిన ఖాతాకు పంపగలరని ఆయన పేరిట అందులో వ్రాసియున్నది. ఇన్వాయిసు నంబరు సరిగానున్నది. సరకు వివరము పైసలతోసహా సరిగానున్నది. ఆయన వాడుకగా వ్రాయు పలకరింపుకూడ సరిగానే ఉన్నది. నేను సొమ్ము పంపి, చిట్టాలో ఖర్చు వ్రాసి, దుకాణము మూసి ఇంటికి పోయితిని. తొమ్మిది దినములు గడచిన పిమ్మట ఆ వర్తకుడే ఫోను చేసి, "ఏమండీ, పండగ కూడా వెళ్ళిపోయింది, మన బాకీ సంగతి మర్చిపోయారా?" అని నెమ్మదిగా అడిగినప్పుడు, నాలుక పిడచగట్టుకొని పోయినది. పోలీసువారికి ఫిర్యాదు వ్రాసియిచ్చునప్పటికే ఆ సొమ్ము నాలుగు ఖాతాలు మారి ఏటీఎములలో కరిగిపోయినది. నేను మరల ఆ వర్తకుని బాకీ ఆరునెలలలో వాయిదాలమీద తీర్చితిని.

మా మేడమీది గదిలో ఇంజనీరింగు చదువుకొను కుర్రవాడొకడు అద్దెకుండెడివాడు. ఆ రాత్రి అతడు పాత మెయిలును దొంగ మెయిలును తెరమీద ప్రక్కప్రక్కన పెట్టి, "అంకుల్, ఇక్కడ చూడండి" అని వ్రేలుపెట్టి చూపించినాడు. చిరునామాలో ఎమ్ అను ఆంగ్లాక్షరముండవలసిన చోట ఆర్, ఎన్ అను రెండక్షరములు దగ్గరగా చేరియున్నవి. చిన్న అచ్చులో ఆ రెండును కలిసి ఎమ్మువలెనే కనబడును. అటుపిమ్మట అతడొక బొత్తాము నొక్కగా, ఆ మెయిలు వెనుక దాగియున్న పొడుగాటి చీటి బయటపడినది. ప్రతి మెయిలునకును అట్టిదొకటి ఉండునట. అది ఏ సర్వరులో పుట్టినదో, ఏ సర్వరుల చేతులు మారినదో, ఏ క్షణమున మన పెట్టెను చేరినదో, ఒక్కొక్క మజిలీయు తన ముద్ర దానిమీద వేయునట. క్రొత్త ముద్ర పైన పడును గనుక దానిని అడుగునుండి పైకి చదువవలెనట. అతడు వివరించి ముగించుటకు ముందే నేను చదువ మొదలుపెట్టితిని. ఏలయన, అది నాకు తెలిసిన కాగితము. ఇరువది సంవత్సరములుగా లారీ వేబిల్లులమీద చెక్‌పోస్టుల ముద్రలు చూచి, సరకు తిన్నగా వచ్చినదో, దారిలో ఎక్కడనైన దిగి వచ్చినదో కనిపెట్టుట నా నిత్యకృత్యము. ఆ చీటి అడుగున, చెన్నపట్టణపు వర్తకుని మెయిలు అంతకుముందెన్నడును తాకని ఒక విదేశపు సర్వరు పేరున్నది. పోయిన ధనము నన్ను బాధించినమాట నిజము. కాని ఆ రాత్రి నన్ను నిదురపోనీయనిది, ఆ చీటి నాకు చదువ వచ్చినదన్న సంగతి.

ఆ తరువాత రెండేండ్లు దుకాణములోనే ఒక మూల, బేరము లేని మధ్యాహ్నములందు, ఆ కుర్రవాడిచ్చిన పాఠములు చదువుచుంటిని. వ్యాపారమును మునుపటివలె లేదు. రావలసిన బిల్లులు కొన్నిచోట్ల నిలిచిపోయినవి. 2020లో లాక్‌డౌను వచ్చి దుకాణమునకు తాళము పడినప్పుడు నా భార్య ఒకనాటి సాయంకాలము, "షాపు నడవట్లేదని కాదండీ, మీ మనసు షాపులో లేదు. ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే మీకు అన్నం సంగతి కూడా గుర్తుండట్లేదు. ఆ చదువేదో చదివెయ్యండి, రెండేళ్ళు ఎలాగో నెట్టుకొద్దాం" అన్నది. ఆ మాట లేకున్న నేనీనాడు మీముందు మాటలాడువాడను కాను. సరకంతయు ఆటోనగరులోని వర్తకునికి తూకము లెక్కన అమ్మితిని. సైజుల వారీగా, గ్రేడుల వారీగా డబ్బాలలో నేను సర్దిపెట్టుకొన్న బోల్టులన్నియు ఒక్క కాటామీద కుప్పగా పడినప్పటి చప్పుడు నాకింకను వినబడుచున్నట్లేయుండును.

ఆ కుర్రవాడప్పటికి చదువు ముగించి ఉద్యోగములో చేరియుండెను. అతడు నన్ను అంకుల్ అనియే పిలుచును. నేనతనిని మాస్టారూ అని పిలుచుచున్నాను. మొదట కొంత సంకోచపడినాడుగాని, విద్య చెప్పినవాడు వయస్సుచేత చిన్నవాడైనను గురువే గదా. మొదటి ఆరునెలలు ఆయన నన్ను హ్యాకింగు అను మాటనే ఎత్తనీయలేదు. ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరుతో ఎట్లు మాటలాడును, చిరునామాలెట్లు ఏర్పడును, లైనక్సు నల్లతెరమీద ఆజ్ఞలెట్లు వ్రాయవలెను, ఇవే పాఠములు. పోర్టు అను మాట విశాఖవాసులకు క్రొత్తది కాదు. 1933లో తెరువబడిన మన ఓడరేవులో ఏ బెర్తునకు ఏ సరకు వచ్చునో ఏర్పాటున్నట్లే, ప్రతి కంప్యూటరునకును 65 వేలకు పైగా పోర్టులుండును. భద్రమైన వెబ్‌సైట్ల రాకపోకలకు 443, దూరమునుండి లోపలికి వచ్చి పనిచేయుటకు 22, మెయిళ్ళకు 25 అని వాడుక ఏర్పడియున్నది. బొగ్గు దిగవలసిన బెర్తుకడ రాత్రివేళ ఎరుగని పడవ వచ్చి ఆగినచో కావలివాడు ఏమనుకొనునో, అదే అనుమానము మాకును కలుగవలెను.

కాని నాకు సులభముగా వచ్చినది లాగుల చదువు. లాగు అనగా చిట్టా. అంతకంటె సరియైన మాట తెలుగులో లేదు. ఎవరు వచ్చిరి, ఎన్నడు వచ్చిరి, ఎక్కడినుండి వచ్చిరి, ఏ తలుపు తట్టిరి, తలుపు తెరువబడినదా లేదా, ఈ వివరములను యంత్రము క్షణక్షణమును వ్రాసికొనుచు పోవును. వందలకొలది యంత్రముల చిట్టాలను ఒకచోటికి చేర్చి, ఆవర్జాకెక్కించినట్లు పద్దులవారీగా విడదీసి చూపించు ఉపకరణములున్నవి. వాటిముందు మేము కూర్చుందుము. రోజుకు వందలాది హెచ్చరికలు వచ్చును. వాటిలో అధికభాగము ఉత్తవే. అసలైనదానిని ఏరుటయే విద్య.

నేను ఈ కావలిపనిలో చేరిన క్రొత్తలో, మార్చి 31వ తేదీ రాత్రి పదకొండున్నరకు, ఒక చిన్న కర్మాగారపు లెక్కల విభాగమునుండి హెచ్చరికలు గుప్పుగుప్పున వచ్చినవి. ఎన్నడును సాయంకాలము ఆరు దాటి తెరువబడని ఖాతాలు తెరువబడుచున్నవి; పెద్ద పెద్ద ఫైళ్ళు కదలుచున్నవి. నా ప్రక్కనున్న యువకులు ఆ ఖాతాలను తక్షణమే స్తంభింపజేయవలెనని వ్రేలు బొత్తాముమీద పెట్టిరి. ఒక్క నిమిషమాగుడని చెప్పి నేనక్కడికి ఫోను చేసితిని. గుమాస్తా ఎత్తి, "ఇయర్ ఎండింగ్ కదండీ, తెల్లారేదాకా ఇక్కడే ఉంటాం" అన్నాడు. అదే విభాగమున, కొన్ని నెలలకు, ఒక ఆదివారము మధ్యాహ్నము ఒకే ఒక్క మార్పు జరిగినది: ఒక సరఫరాదారుని బ్యాంకు ఖాతా నంబరు మార్చబడినది. దానికి యంత్రము ఇచ్చిన హెచ్చరిక అతి స్వల్పమైనది, చూచి వదలివేయదగినంతటిది. నా ఒడలు జలదరించినది. అది గుమాస్తా పాస్‌వర్డు అపహరించినవారి పని. సోమవారము చెల్లింపు జరుగకమునుపే ఆపగలిగితిమి. నాకు 3,86,000 రూపాయలు పుచ్చుకొని నేర్పిన పాఠమది.

లెక్కలు చూచు కన్ను ఈ పనికి అక్కరకు వచ్చునన్న మాట నా ఒక్కనిదే కాదని చెప్పుటకు క్లిఫర్డ్ స్టోల్ కథ చెప్పవలెను. అమెరికాదేశమున లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఆయన ఖగోళశాస్త్రజ్ఞుడుగా దూరదర్శినుల నిర్మాణమునకు సంబంధించిన పనిచేయుచుండగా, 1986లో ఆ పనికి నిధులు అయిపోయినవి. ఆయనను క్రింది అంతస్తులోని కంప్యూటరు విభాగమునకు పంపిరి. నక్షత్రములను చూచుకొనువానికి అక్కడ అప్పగింపబడిన మొదటిపని లెక్కలలో 75 సెంట్ల తేడా ఎందుకు వచ్చెనో కనుగొనుట. వేల డాలర్ల పద్దులో ముక్కాలు డాలరు! మరియొకడైనచో సవరణపద్దు వ్రాసి ముగించియుండును. ఆయన వదలలేదు. ఎవరికిని చెందని ఒక ఖాతా కొద్ది క్షణములు యంత్రమును వాడి బాకీ చెల్లింపక పోయినదని కనుగొని, లోపలికి వచ్చు టెలిఫోను లైన్లకు ప్రింటర్లు తగిలించి, ప్రయోగశాలలోనే పండుకొని, నెలల తరబడి కాచి చూచెను. తుదకు ఆ చొరబాటుదారుడు జర్మనీలోని హానోవరు నగరమునుండి అమెరికా సైనిక స్థావరముల కంప్యూటర్లలో దూరి, దొరికిన రహస్యములను సోవియట్ గూఢచారి సంస్థయైన కేజీబీకి అమ్ముచుండిన ముఠాలోనివాడని తేలినది. ఆయన ఖగోళవిద్య అక్కడ ఎంత ఉపయోగించినదో నేను చెప్పజాలనుగాని, లెక్క కుదరనిదే పుస్తకము మూయననిన ఆ పట్టుదల ఏ కోమటికొట్టులోనైన ప్రతిరాత్రి దీపము క్రింద కనబడునదే.

మనదేశమున పూణె నగరములో క్యాలిక్యులేటర్లు మరమ్మతు చేయు కొట్టుతో బ్రతుకారంభించిన కైలాశ్ కాట్కర్, బాగుచేయుటకు వచ్చు కంప్యూటర్లను వైరసులు పాడుచేయుచుండుట గమనించి, కంప్యూటరు చదువు చదువుచున్న తమ్ముడు సంజయ్‌చేత నివారణోపాయము వ్రాయించెను. క్విక్ హీల్ అను పేర అది దేశమంతట వ్యాపించి, 2016లో ఆ సంస్థ షేరుమార్కెట్టుకు వచ్చినది. గిరాకి తెచ్చిన పాడైన వస్తువులోనే ఆయన క్రొత్త వృత్తిని చూచినాడు.

ఉక్కునగరమున నివసించు మనకు ఈ రక్షణ ఎంత ముఖ్యమో తెలియజేయు ఉదంతమొకటి కలదు. 2014లో జర్మనీ ప్రభుత్వపు సమాచార భద్రతా కార్యాలయము తన నివేదికలో ఒక ఉక్కు కర్మాగారముమీద జరిగిన దాడిని ప్రకటించినది. కర్మాగారము పేరు చెప్పలేదు. ఉద్యోగులకు వచ్చిన మోసపు మెయిలుద్వారా దుండగులు మొదట కార్యాలయపు కంప్యూటర్లలోనికి, అక్కడినుండి ఉత్పత్తిని నడుపు యంత్రములలోనికి ప్రవేశించిరి. నియంత్రణ పరికరములు ఒకదానివెంట ఒకటి విఫలములు కాగా, ఒక బ్లాస్ట్ ఫర్నేసును క్రమపద్ధతిని ఆపుట సాధ్యపడక గొప్ప నష్టము కలిగినది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఫర్నేసులకు ఆడబిడ్డలకు పెట్టుకొన్నట్లు పేర్లుపెట్టుకొన్న ఊరు మనది. ఫర్నేసు అదుపుతప్పుట యనగా ఏమో ఇక్కడి ప్రతి కుటుంబమునకును తెలియును. మంచు కరిగినట్లు ధనము పోవు దాడులును లేకపోలేదు. 2022 జనవరిలో హైదరాబాదునందలి మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా అపహరింపబడినది. దానికిని మూలము ఉద్యోగులకు వచ్చిన మెయిళ్ళే.

ఇక ఈ వృత్తికి రాదలచిన వర్తక సోదరులకు, సోదరీమణులకు కొన్ని మాటలు విడమరచి చెప్పుట నా విధి. యజమానిగా ఇరువది యేండ్లు ఆజ్ఞలిచ్చినవాడు ఇచ్చట ఇరువదినాలుగేండ్ల అధికారికి లీవు చీటి వ్రాయవలెను. నా మొదటి జీతము, దుకాణములో నా గుమాస్తాకు నేనిచ్చిన జీతముకంటె కొంచెమే ఎక్కువ. రాత్రి డ్యూటీలు దేహమును పిండివేయును. మూడునెలలలో నేర్పి ఆరంకెల జీతమిప్పింతుమను బోర్డులు చూచి ఫీజులు కట్టకుడు; ఎన్‌పీటీఈఎల్, స్వయం వేదికలలో మన ఐఐటీల ఆచార్యుల పాఠములు ఉచితముగనే వినవచ్చును; సాధనకు పాత ల్యాప్‌టాపు చాలును. కాని ఆ సాధన మీ యంత్రముమీదనే చేయవలెను. అనుమతి లేక పరుల కంప్యూటరులో ప్రవేశించుట, నేర్చుకొనుటకైనను సరే, 2000 నాటి ఐటీ చట్టమునకు విరుద్ధము; మోసపు తలంపుతో చేసినచో మూడేండ్లవరకు జైలుశిక్షకు తగిన నేరము.

మరియొక హెచ్చరిక చెప్పునప్పుడు నా గొంతు బరువెక్కుచున్నది. 2024 మే నెలలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి మీరు మరచియుండరు. డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మబలికి ఏజెంట్లు మన పిల్లలను కాంబోడియాకు పంపగా, అక్కడివారు వారి పాస్‌పోర్టులు లాగుకొని, నిర్బంధించి, భారతీయులకే ఫోన్లుచేసి మోసగించు పనికి పెట్టిరి. సిహనూక్‌విల్లులో మనవారు వందలకొలది తిరుగబడిరి. చీకటిప్రక్కకు మన పిల్లలు బానిసలుగా పోవలసివచ్చినది. వెలుగుప్రక్కన పనిచేయువారు చాలక సంస్థలు వెదకుచున్నవి. ఈ రెండింటి నడుమనున్న దూరము ఒక్క సరియైన మాట చెప్పు పెద్దదిక్కు దూరమే. కంప్యూటరు ఉద్యోగమని విదేశమునకు పిలిచిన, టూరిస్టు వీసాపై పంపెదమన్న ఏజెంటు గుమ్మమున మీ పిల్లలను నిలుపకుడు.

వర్తకుల అనుభవమునకు ఈ రంగమున స్థానమెక్కడ అని అడిగినచో, రాత్రి కావలికంటెను తనిఖీపనిలో ఎక్కువ అని నా అభిప్రాయము. 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము, చొరబాటు జరిగినట్లు తెలిసిన ఆరుగంటలలోపల వారికి తెలియజేయవలెను. లాగులను 180 దినములు భద్రపరచవలెను. ఆదాయపు పన్నువారికై లెక్కల పుస్తకములు దాచుట ఎరిగిన వర్తకునకు ఈ నియమము వింతగాదు. ఆటోనగరులో పదిమందితో నడచు లేతు షెడ్డు యజమానికి ఈ సంగతి నేటి పట్టభద్రుడు చెప్పిన చెవికెక్కదు. తనవలె జీతాలరోజున జేబులు తడుముకొన్న మనిషి చెప్పిన ఎక్కును. గత సంవత్సరమునుండి కావలితోపాటు నేను చేయుచున్న పని అదియే. షెడ్డునకు పోయి, స్టూలు లాగుకొని కూర్చుండి, టీ త్రాగుచు, మీ కంప్యూటరు పాస్‌వర్డు ఎవరెవరికి తెలియునని మొదటి ప్రశ్న వేయుదును. అందరికీ తెలుసండీ అని నవ్వుచు చెప్పుదురు. అక్కడినుండి పని మొదలగును.

గాజువాక, కూర్మన్నపాలెము, అగనంపూడి, లంకెలపాలెము వర్తకులారా! ఈ రాత్రి దుకాణము మూయుటకు ముందు ఒక్క పని చేయుడు. మీకు సరకు పంపు ప్రతివారి ఫోను నంబరును మీ చేతితో ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొనుడు. ఖాతా మారినదని ఎవరి పేరున మెయిలు వచ్చినను, ఆ మెయిలులో ఇచ్చిన నంబరునకు గాక, మీ పుస్తకములోని నంబరునకు ఫోను చేసి, ఆ గొంతు విని, పిమ్మటనే సొమ్ము పంపుడు. ఒకవేళ పంపి మోసపోయినచో సిగ్గుపడి దాచకుడు. తొమ్మిది దినములు కాదు, తొమ్మిది నిమిషములైనను ఆలస్యము చేయక సైబర్ మోసముల ఫిర్యాదులకై ఏర్పడిన 1930 నంబరునకు ఫోను చేయుడు.